వేళ్లు కొంకర్లు పోతుంటే ఏ గ్లవ్స్ కొనాలి?

కార్తీకం వెళ్లి మార్గశిరం రాగానే ఈ బైకుల శీర్షికకి వచ్చే ప్రశ్నలు మైలేజీ, చైన్ చప్పుడు వదిలేసి చలి మీదకి మళ్లుతాయి. ఈసారి అన్నీ చేతుల గురించే. అందుకే గ్లవ్స్ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టేశాను, మిగతావాళ్లు ఒక్క వారం ఆగండి.

ప్రశ్న: మాది నర్సీపట్నం. చింతపల్లి వైపు ఒక బడిలో పనిచేస్తాను, రోజూ బైకు మీదే వెళ్తాను. లంబసింగి ఘాట్ ఎక్కేసరికి వేళ్లు కొంకర్లు పోయి క్లచ్ ఎంత నొక్కానో కూడా తెలియడం లేదు. ఇన్నేళ్లూ ఉన్ని గ్లవ్స్‌తో నెట్టుకొచ్చాను. పోయినేడు ఆన్‌లైన్‌లో లావుపాటివి కొన్నాను. చలి ఆగలేదు సరికదా, సంక్రాంతి లోపే లోపలి గుడ్డ ఊడి బయటికి వచ్చేసింది. నాలుగైదు చలికాలాలు మన్నేవి చెప్పండి.
— ఒక ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఉన్నివాటిని పక్కన పెట్టేయండి. బస్టాండులో నిలబడే మనిషికి అవి బాగానే ఉంటాయి, కదిలే బండి మీద వాటితో పని జరగదు. అల్లికలో ప్రతి కంతలోంచీ గాలి దూరిపోతుంది, లంబసింగి పొగమంచుకి తడిసి ముద్దవుతాయి, పైగా రబ్బరు గ్రిప్ మీద జారతాయి. వాతావరణ శాఖలవాళ్లు గాలివేగాన్ని కలిపి చలిని లెక్కగట్టే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం ఐదు డిగ్రీల చలిలో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలే చలి సున్నాకి ఒక డిగ్రీ కిందికి దిగుతుంది, 60 మీద వెళ్తే మైనస్ రెండు దాకా పోతుంది. అందరికంటే ముందు ఆ గాలికి ఎదురెళ్లేవి మీ వేళ్లే. కాబట్టి కొనేటప్పుడు ఎంత మందంగా ఉందని కాదు, గాలిని ఎంత ఆపుతుందని చూడాలి. షాపులో గ్లవ్ తొడుక్కుని వేళ్ల మీద నోటితో గట్టిగా ఊదండి. లోపల చల్లగా తగిలిందంటే ఘాట్ మీద ఇంకేం ఆపుతుంది, అక్కడే పెట్టేసి రండి.

మీ రెండో జత ఎందుకు పనిచేయలేదో చూడకుండానే చెప్పొచ్చు. దూది (నిజానికి దూదిలాంటి సింథటిక్ పీచు) దట్టంగా కూరిన గ్లవ్‌తో గ్రిప్ పట్టుకుంటే అరచేతి వైపు దూది నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన దూదిలో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వెచ్చదనం ఉండదు. మిగిలేదల్లా లావు మాత్రమే. ఆ లావుకి పిడికిలి సరిగ్గా మూసుకోదు కాబట్టి బలం పెట్టి పట్టుకుంటారు, ముంజేయి లాగేస్తుంది, వేళ్లకి రక్తం సరిగ్గా అందదు. మీరు చలి వల్ల అనుకుంటున్న మొద్దుబారడంలో సగం ఇదే అయి ఉండొచ్చు. మంచి చలికాలం గ్లవ్‌లో దూది చేతి వెనక వైపు, గాలి కొట్టే వైపు ఎక్కువగా ఉంటుంది, అరచేతి వైపు పలచగా ఉంటుంది. తొడుక్కున్నాక లివరు నొక్కుడు వేలికి తెలియాలి.

ఇక మన్నిక. మంచి గ్లవ్‌లో పైన తోలు గానీ గట్టి బట్ట గానీ, దాని కింద నీరూ గాలీ ఆపే సన్నటి పొర, దాని కింద వెచ్చదనానికి దూది, చేతికి ఆనుకుని లైనింగ్ ఉంటాయి. జనం పైన తోలు చూసి కొంటారు, పోయేది మాత్రం లోపలి లైనింగే. చెమ్మగా ఉన్న చెయ్యి లైనింగ్‌కి అతుక్కుని ఉంటుంది, మీరు బడి దగ్గర దిగి తొందరలో మణికట్టు దగ్గర పట్టి ఒక్క లాగు లాగుతారు, వేళ్లతోపాటు లోపలి గుడ్డా వచ్చేస్తుంది. ఒకసారి వచ్చిందంటే పెన్నుతో తోసినా, స్పూను పెట్టి తోసినా మళ్లీ సరిగ్గా కూర్చోదు. చవక రకాల్లో లైనింగ్‌ని వేళ్ల చివర్ల దగ్గర కుట్టరు, అతికించరు, ఊరికే దూర్చి వదిలేస్తారు. దీన్ని షాపులోనే కనిపెట్టొచ్చు. గ్లవ్ తొడుక్కుని పిడికిలి బిగించి విప్పండి. తరవాత వేళ్లు కొద్దిగా దూరంగా పెట్టి, రెండో చేత్తో మణికట్టు దగ్గర పట్టి మెల్లగా లాగండి. లైనింగ్ చేతితో పాటు కదిలివస్తోందా, పైనున్న తోలుకి అంటిపెట్టుకుని ఉందా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఇలా చేస్తే షాపువాడు కొంచెం చిరాకుపడతాడు. పడనివ్వండి, డబ్బులు మీవి.

అది దాటాక కుట్టు చూడండి. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య చీలిక దగ్గర, యాక్సిలరేటరు తిప్పినప్పుడల్లా అరిగే చోటు అది, రెండు వరసల కుట్టు ఉండాలి, పైన ఇంకో తోలు ముక్క వేసి ఉంటే మరీ మంచిది. కుట్టుని రెండు వైపులా పట్టి కాస్త సాగదీయండి, దారాల మధ్య వెలుతురు కనబడితే ఆ జత ఒక సీజనుకి మించి రాదు. తోలు విషయంలో నా ఓటు మేక తోలుకే. పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, వేలితోపాటు వంగుతుంది. ఆవు తోలు ఇంకా మందం, అరగడానికి చాలా కాలం పడుతుంది కానీ మొదటి నెలంతా చేతితో పోట్లాడుతూనే ఉంటుంది. అరచెయ్యి తోలు, వెనకాల బట్ట ఉన్న రకం మీ దారికి సరిపోతుంది. ‘పీయూ లెదర్’ అని రాసి ఉంటే అది తోలు కాదు, బట్ట మీద ప్లాస్టిక్ పూత. వంగే చోట పెచ్చులు లేస్తుంది.

చలి గోలలో పడి మరిచిపోయేది ఇంకోటి, గ్లవ్స్ ఉన్నది చలికే కాదు, పడినప్పుడు చెయ్యి కాపాడటానికి కూడా. పడే మనిషి ఎవరైనా ముందు అరచెయ్యే నేలకి ఆనిస్తాడు. అరచేతి మడమ దగ్గర, బొటనవేలి వైపు మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం అందేదే తక్కువ, విరిగితే అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అందుకే మంచి గ్లవ్స్‌లో అక్కడ నున్నటి గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. చెయ్యి రోడ్డుని కరుచుకోకుండా దాని మీద జారుతుంది. మణికట్టు పట్టీ కూడా చూసుకోండి. పట్టీ బిగించాక వేళ్లు పట్టి గట్టిగా లాగినా గ్లవ్ ఊడి రాకూడదు. రోడ్డు మీద పడి జారేటప్పుడు ఊడిపోయే గ్లవ్, అది ఎంత ఖరీదుదైనా, దండగే.

సైజు సంగతి. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ, కణుపుల మీదుగా టేపు పెట్టి కొలవండి. ఎనిమిది అంగుళాలు వస్తే చాలా కంపెనీల్లో మీడియం, తొమ్మిదైతే లార్జ్. అయినా కంపెనీకో కొలత, పెట్టె మీద చార్టు చూడాల్సిందే. వేలి చివర కొద్దిగా, అంటే వరిగింజ మందం, ఖాళీ ఉండాలి. ఖాళీ అసలు లేకపోతే రక్తం ఆడదు, వెచ్చటి గాలికీ చోటుండదు. ఎక్కువైతే లివరు దగ్గర మడత పడుతుంది. నిలబడి తొడుక్కుని చూస్తే ఇవేవీ తెలియవు, బయట పెట్టిన మీ బండి హ్యాండిల్ పట్టుకుని, క్లచ్ నొక్కి, ఇండికేటరు వేసి, హారన్ కొట్టి చూడండి.

డబ్బుల మాటకొస్తే, పైన చెప్పినవన్నీ ఉండే జత మూడు వేల నుంచి ఆరు వేల మధ్య దొరుకుతుంది. రైనాక్స్, వయాటెర్రా లాంటి మన దేశపు కంపెనీలవీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూముల్లోవీ చూడొచ్చు. ఏ కంపెనీలోనైనా మోడల్‌కీ మోడల్‌కీ తేడా ఉంటుంది కాబట్టి పేరు చూసి కళ్లు మూసుకోవద్దు. వెయ్యి రూపాయలవి ఏటా కొనే బదులు ఒకసారి నాలుగు వేలు పెట్టమంటాను నేను, కానీ కొన్నాక వాటిని చూసుకోవాలి. దిగాక ముందు పట్టీ పూర్తిగా విప్పి, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలి కొస పట్టి కొంచెం కొంచెం వదులు చేసి, అప్పుడు చెయ్యి బయటికి తీయండి. అర నిమిషం పని, లైనింగ్ ప్రాణం అందులోనే ఉంది. తడిస్తే నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. లంబసింగి టీ దుకాణాల దగ్గర పొద్దున్నే చూడండి, గ్లవ్స్‌తోనే చలిమంట దగ్గర చేతులు చాపేవాళ్లు కొందరు, బండి ఇంజను మీద చెయ్యి ఆనించి కాచుకునేవాళ్లు కొందరు. వేడికి తోలు ముడుచుకుని బిరుసెక్కుతుంది, బట్ట కరిగి నున్నగా అయిపోతుంది, నీరు ఆపే పొర సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకొక్కటి, గ్లవ్స్‌తో సంబంధం లేనిది. ఛాతీకి చలి తగులుతుంటే ఒళ్లు తన వేడిని లోపల దాచుకోవడానికి వేళ్లకి రక్తం తగ్గించేస్తుంది. చొక్కా మీద స్వెట్టర్ ఒక్కటే వేసుకుని వెళ్తూ వేళ్లు చల్లబడుతున్నాయంటే లాభం లేదు, స్వెట్టర్ మీద గాలి దూరని జాకెట్ ఒకటి వేసుకోండి. వాన కోటు వేసుకున్నా సరే.

ప్రశ్న: తెల్లవారుజామున నాలుగు గంటలకే స్కూటర్ మీద పాల డబ్బాలతో బయల్దేరతాను. మా ఆదిలాబాద్ చలి సంగతి మీకు తెలిసిందే. మూడు వేల గ్లవ్స్ మాలాంటోళ్లకి అయ్యే పని కాదు. ఐదారు వందల్లో ఏదన్నా ఉందా? ఇంటింటికీ దిగాలి, డబ్బులు లెక్కపెట్టాలి, గ్లవ్స్ తీసి పెట్టుడే పెద్ద తిప్పలు.
— ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: అన్నా, మీకు గ్లవ్స్ కంటే హ్యాండిల్‌కి తొడిగే మఫ్‌లు నయం. ఢిల్లీ, పంజాబ్ వైపు చలికాలంలో స్కూటర్లకి కనిపిస్తుంటాయి. హ్యాండిల్, లివరు మొత్తాన్ని కప్పే సంచుల్లాంటివి, లోపల బొచ్చు గుడ్డ ఉంటుంది. చెయ్యి లోపలికి దూర్చి గ్రిప్ పట్టుకోవడమే, దిగినప్పుడు తీసేసే పనే లేదు. ఆన్‌లైన్‌లో మీరు చెప్పిన డబ్బుల్లోనే వస్తాయి. లేదంటే మీ ఊళ్లో సీట్ కవర్లు కుట్టే అతని దగ్గరికి స్కూటర్ తీసుకెళ్తే పాత రెగ్జిన్‌తో, లోపల కంబళి ముక్క వేసి కుట్టిస్తాడు. పని చూసేది రెగ్జిన్, అది గాలిని అస్సలు రానివ్వదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. మఫ్ బరువుకి కిందికి జారి బ్రేకు లివరుని నొక్కిపెట్టకూడదు, అద్దం కాడకి గట్టిగా కట్టండి. ఎక్కాక నాలుగైదు సార్లు చేతులు బయటికి తీసి మళ్లీ దూర్చి అలవాటు చేసుకోండి, ఎందుకంటే చీకట్లో కుక్క అడ్డమొచ్చినప్పుడు చెయ్యి నేరుగా లివరు మీద పడాలి. మఫ్ ఉంటే లోపల పలచటి గ్లవ్స్ చాలు, వాటితో నోట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మఫ్ పడితే దెబ్బ నుంచి కాపాడదు, ఆ పలచటివి ఎంతో కొంత గీరుడు ఆపుతాయి, అందుకని వట్టి చేతులతో మాత్రం వద్దు.

కొందరు పాలిథిన్ కవరో ఆసుపత్రి రబ్బరు గ్లవ్సో లోపల వేసుకుంటారు. గాలి ఆగుతుంది, నిజమే. కానీ చెమట ఎటూ పోక గంటలో చెయ్యి నానిపోతుంది, తీసిన క్షణంలో జివ్వుమంటుంది. మీలా గడపగడపకీ తీసి తొడిగేవాళ్లకి అసలు పనికిరాదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నలుగురం సెప్టెంబరులో మనాలి–లేహ్ వెళ్తున్నాం. ఒక్క జత గ్లవ్స్‌తో సరిపెట్టుకోవచ్చా? బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ కొనమంటున్నాడు మా ఫ్రెండ్. వాటర్‌ప్రూఫ్ ఉంటే చాలా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: ఒక్క జతతో కుదరదు. ఆ దారిలో ఒకే రోజులో మూడు కాలాలు చూస్తారు. అటల్ టన్నెల్ 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది, కానీ ఆ తరవాత బారాలాచా లా, తంగ్‌లాంగ్ లా కనుమలు ఎక్కాల్సిందే. మొదటిది 16,000 అడుగులు, రెండోది 17,000 దాటుతుంది. మధ్యాహ్నం ఎండలో మోరే మైదానాల మీద మామూలు గ్లవ్స్‌లోనే చెమట పడుతుంది, అదే సాయంత్రం కనుమ మీద మంచు పడొచ్చు. మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే నీళ్లలో బండి దిగితే చేతులదాకా చిందుతుంది.

కాబట్టి నేనైతే ఇలా సర్దుకుంటాను: గాలి ఆడే మామూలు తోలు రైడింగ్ గ్లవ్స్ ఒక జత, నీరూ గాలీ ఆపే చలికాలం జత ఒకటి, ఈ రెండింటి లోపలా పట్టే సిల్క్ లేదా మెరినో ఉన్ని పలచటి లోపలి గ్లవ్స్. ఈ మూడోవి మడిస్తే జేబు రుమాలంత కూడా ఉండవు, వీటి వల్ల వచ్చే సుఖం మాత్రం ఇంతా అంతా కాదు. పెద్ద జత కొనేటప్పుడు లోపలివి తొడుక్కునే సైజు చూసుకోవాలి, లేకపోతే లేహ్‌లో తెలుస్తుంది.

వాటర్‌ప్రూఫ్ అంటే చాలనుకోకండి. పొర నీటిని ఆపుతుంది కానీ పైనున్న తోలో బట్టో తాగేస్తుంది. తాగిన గ్లవ్ బరువెక్కి గాలికి ఆరుతూ చేతిని చల్లబరుస్తుంది, లోపల తడవకుండానే వేళ్లు గడ్డకడతాయి. అందుకని గట్టి వానలో పైన వేసుకునే వదులు రెయిన్ కవర్లు ఉంటే తీసుకెళ్లండి. కవర్ల మీద పట్టు జారకుండా అరచేతిలో రబ్బరు చుక్కలున్నవి చూడండి. పొడుగు మణికట్టు ఉన్న గ్లవ్‌ని జాకెట్ చేతి మీదుగా వేసుకుంటే గాలి రాదు, కానీ వానలో మోచేతి నుంచి కారే నీరు తిన్నగా గ్లవ్ లోకే దిగుతుంది. వానైతే గ్లవ్ లోపలికి, జాకెట్ చెయ్యి పైకి.

బ్యాటరీవి బాగానే పనిచేస్తాయి, అబద్ధం చెప్పను. కానీ చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి టెంట్లలో ఛార్జింగ్ దొరుకుతుందో లేదో నమ్మకం లేదు, ఫోను, కెమెరా, ఇంటర్‌కమ్ అన్నీ అప్పటికే క్యూలో ఉంటాయి. అదే డబ్బుతో బండికి హ్యాండ్‌గార్డులు పెట్టించండి. ప్లాస్టిక్ రెక్క ఒకటి వేళ్ల ముందు ఉంటే ఎదురుగాలి సగం దారి తప్పుతుంది, పడినప్పుడు లివరు విరగకుండానూ కాపాడుతుంది. షుగరు ఉండి చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్లు మీ గుంపులో ఎవరైనా ఉంటే వాళ్లకి బ్యాటరీ గ్లవ్స్ ఇవ్వొద్దు. వేడి ఎక్కువైనా తెలియక చర్మం కాలుతుంది.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. మగవాళ్ల స్మాల్ సైజు కూడా వేళ్ల చివర వేలాడుతోంది, స్కూటీ బ్రేకు పట్టుకుంటే మడత పడుతోంది. ఇంకోటి, ఈ మధ్య పొద్దున్నే బండి నడిపితే రెండు వేళ్లు తెల్లగా పాలిపోయి, ఇంటికొచ్చాక ఎర్రబడి మంట పుడుతున్నాయి. గ్లవ్స్ మందంగా లేకనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, రెండో దాంతో మొదలుపెడతాను. కొన్ని వేళ్లు మాత్రమే తెల్లబడి, గీత గీసినట్టు రంగు మారి, వెచ్చబడ్డాక ఎర్రగా అయి మంట పుట్టడం రేనాడ్స్ అనే ఇబ్బంది లక్షణం కావచ్చు. చలికి వేళ్లలో సన్నటి రక్తనాళాలు అతిగా ముడుచుకోవడం వల్ల వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి ప్రమాదమేమీ ఉండదు కానీ కొందరిలో వేరే జబ్బుకి సూచన అవుతుంది. ఒకసారి డాక్టరుకి చూపించండి. గ్లవ్స్ మార్చి ఊరుకోవద్దు.

సైజు విషయంలో, మగవాళ్ల స్మాల్ అంటే పెద్ద చేతిని కుదించి కుట్టింది, వేళ్ల పొడుగు దాదాపు అలాగే ఉంటుంది. ఆడవాళ్ల కోసం విడిగా కత్తిరించినవి ఇప్పుడు దొరుకుతున్నాయి, అరచెయ్యి సన్నగా, వేళ్లు చేతికి తగ్గట్టు ఉంటాయి. దుకాణంలో ఉంచరు, అడిగి తెప్పించుకోవాలి, లేదా తిప్పి పంపే వీలున్న చోట రెండు సైజులు తెప్పించుకుని ఒకటి వెనక్కి పంపండి. వేలి చివర మడత పడే గ్లవ్‌తో మాత్రం బండి తీయకండి, ఆ మడత లివరుకీ గ్రిప్‌కీ మధ్య ఇరుక్కుంటే బ్రేకు పూర్తిగా పడదు. మీకు కూడా పైన ఆదిలాబాద్ అన్నకి చెప్పిన మఫ్‌లు బాగా పనికొస్తాయి. చూడ్డానికి బాగుండవంటారేమో, వేళ్ల కంటే ఎక్కువా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ప్రతి గ్లవ్ మీదా ‘సీఈ’ అని ఉంటోంది. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ‘సీఈ’ అంటే వస్తువు యూరప్ భద్రతా నిబంధనల ప్రకారం ఉందని చెప్పే గుర్తు. ఊరికే అలా అచ్చువేస్తే నమ్మక్కర్లేదు. చాలాసార్లు అది కణుపుల మీద పెట్టిన ప్లాస్టిక్ ముక్కకి మాత్రమే ఉంటుంది, గ్లవ్ మొత్తానికి కాదు. లోపల కుట్టిన లేబుల్ వెతకండి. మోటార్‌సైకిల్ బొమ్మ, పక్కన ఈఎన్ 13594 (బైకు గ్లవ్స్ పరీక్షకి యూరప్ ప్రమాణం) అన్న అంకె, దాని కింద 1 లేదా 2 ఉండాలి. 2 అంటే రాపిడికి ఎక్కువసేపు ఆగుతుంది, మణికట్టు కూడా పొడుగ్గా కప్పుతుంది. ‘కేపీ’ అని ఉంటే కణుపుల దగ్గర దెబ్బకి కూడా పరీక్ష చేశారని. 2018 నుంచి యూరప్‌లో అమ్మే బైకు గ్లవ్స్‌కి ఈ పరీక్ష తప్పదు, అందుకే అక్కడ ఉండే మనవాళ్లెవరైనా సెలవులకి వస్తుంటే అడిగి తెప్పించుకోవడం మంచి ఆలోచనే, సైజు ముందే కొలిచి పంపండి.

ఈ లేబుల్ చలి గురించి ఒక్క ముక్క చెప్పదు. అది పడితే ఏమవుతుందన్న పరీక్ష. చలికి మళ్లీ నోటితో ఊదే పరీక్షే.

ప్రశ్న: తోలు గ్లవ్స్ కంపు కొడుతున్నాయి. వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: వద్దు బాబూ. గోరువెచ్చని నీళ్లలో కాస్త బేబీ షాంపూ కలిపి, గ్లవ్స్ చేతికి తొడుక్కుని, చేతులు కడుక్కున్నట్టు రుద్దు. రెండుసార్లు మంచినీళ్లు మార్చు. పిండకు, తువాలు మధ్య పెట్టి నొక్కు. నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కాస్త చెమ్మ ఉండగానే ఒకసారి తొడుక్కుని వేళ్లు ఆడించు, పూర్తిగా ఆరాక తోలుకి రాసే క్రీము పలచగా పట్టించు. షూ పాలిష్ రాయకు, అది గ్రిప్‌కీ అంటుకుంటుంది, నీ ప్యాంటుకీ అంటుకుంటుంది.